మాటల గది గడియారం

గంటలమ్మ ఆ విభాగం మెట్లు ఎక్కేసరికి గురువారం పొద్దున పదకొండూ పది. చేతి వాచీ పదకొండుంపావు చూపిస్తోంది గానీ అది ఆవిడ భర్తది, అయిదు నిమిషాలు ముందు నడుస్తుంది. బస్సు తప్పిపోకూడదని ఆయన అలా పెట్టుకునేవాడు. ఆయన పోయి తొమ్మిది నెలలైంది. వాచీ ఈవిడ చేతికొచ్చింది, ముల్లు మాత్రం ఎవరూ వెనక్కి తిప్పలేదు. చూసిన ప్రతిసారీ అయిదు తీసేసుకోవడం ఆవిడకి అలవాటైపోయింది.

అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయారు. పోలీసు శాఖలో ఇరవై నాలుగేళ్ళు చేసి, బయటికొచ్చి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నా, "ఎన్ని గంటలకి? ఖచ్చితంగా ఎన్ని గంటలకి?" అని ఎదుటివాళ్ళ ప్రాణం తోడేసే గుణం వల్ల గంటలమ్మ అన్న పేరే స్థిరపడింది. ఈ తొమ్మిది నెలల్లో ఆవిడ దగ్గర మిగిలింది కూడా ఆ ఒక్క గుణమే. ఆకలి తెలియడం లేదు. టీ తాగితే వేడి తెలుస్తుంది, రుచి తెలియదు. ఎవరైనా ఏడుస్తుంటే పక్కింట్లో రేడియో మోగుతున్నట్టు వింటుంది.

నిన్న సాయంత్రం ఒక తల్లి ఎదురుగా కూచుని ఏడ్చినప్పుడూ అలాగే వింది. బట్టలు కుట్టి కూతుర్ని పెద్ద చదువులు చదివించిన మనిషి.

"మా చిట్టి చీమకి కూడా హాని చెయ్యదమ్మా. మంగళవారం మధ్యాహ్నం రెండున్నర నుంచి నాతోనే ఉంది. నన్ను కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఇదిగో చీటీ."

"పొద్దున?"

"పొద్దున యూనివర్సిటీలోనే ఉంది," అని తల్లి తల వంచుకుంది.

చిక్కంతా ఆ పొద్దునతోనే వచ్చింది. సముద్రానికి అవతల ఒక పొడుగాటి తీరం ఉంది. దాని చరిత్ర, అక్కడి మనుషుల ఆచారాలు, వాళ్ళు మాట్లాడే మూడు భాషలు నేర్పడానికి యూనివర్సిటీలో ఒక విభాగం పెట్టారు. తీర విభాగం అంటారు. ముప్పయ్యేళ్ళుగా దాన్ని నడిపింది పెద్దసారు, భాషల ప్రొఫెసరు. హోదాలో ఆయన తర్వాత చిన్నసారు, చరిత్ర ప్రొఫెసరు. చిన్నసారంటే చిన్నవాడేం కాదు, యాభై ఎనిమిదేళ్ళు నిండాయి. బుధవారం పొద్దున ఎనిమిదింటికి ఊడ్చే ఆమె మ్యాపుల గది తలుపు తీస్తే, ఇనుప మెట్ల కింద పెద్దసారు వెల్లకిలా పడి ఉన్నాడు. ప్రాణం పోయి చాలాసేపైంది. మెట్ల పైన ఆయన చొక్కా బొత్తం ఒకటి, చెల్లాచెదురుగా చిట్టి థీసిస్ కాగితాలు. చిట్టి ఆయన దగ్గర నాలుగేళ్ళుగా పరిశోధన చేస్తోంది. మంగళవారం పొద్దున పదింటికి ఇద్దరికీ గొడవైందని అటెండరు చెప్పాడు. మధ్యాహ్నం తిరిగేసరికి ఇన్‌స్పెక్టరు చిట్టిని స్టేషన్లో కూచోబెట్టాడు. ఈరోజు సాయంత్రం అయిదింటికి మేజిస్ట్రేటు ముందు పెడతాడు. ఆ తర్వాత జైలు. గంటలమ్మ చేతిలో ఉన్నది అయిదు వరకే.

నడవాలో ఒక అద్దాల పెట్టె ఉంది. అందులో తోలు అట్ట వేసిన పాత పుస్తకం తెరిచి పెట్టారు. పక్కన చీటీ: "రేవు దినచర్య. మూడు వందల ఏళ్ళ కిందట ఆ తీరపు రేవు అధికారి రాసుకున్నది. కనుగొన్నదీ, అనువదించిందీ మన చరిత్ర ప్రొఫెసరు గారు." దాని కింద, తెరిచి ఉన్న పుటకి మాటకి మాట అర్థం: "ఉదయం ఆరు గంటలకు, పొద్దు పొడుస్తుండగా, మొదటి పడవ రేవు చేరింది." గంట కనిపిస్తే చదవకుండా ముందుకి పోలేని మనిషి కాబట్టి గంటలమ్మ అది చదివి, ముందుకి నడిచింది.

మ్యాపుల గదికి మాటల గదిలోంచే దారి. మాటల గదిలో గుండ్రటి బల్ల, చుట్టూ పన్నెండు కుర్చీలు, గోడకి పాతకాలపు గడియారం. అది అయిదుంపావు చూపిస్తోంది.

"చెడిపోయిందా?" అని అడిగింది తాళాలు పట్టుకుని నిలబడ్డ అటెండర్ని.

"లేదమ్మా, శుభ్రంగా నడుస్తోంది. ఈ గదిలో టైమ్ అంతే. ఆ తీరం వాళ్ళు పొద్దు పొడుపు నుంచి గంటలు లెక్కేస్తారట. మనకి పొద్దున ఏడైతే వాళ్ళకి ఒకటి. మన మధ్యాహ్నం పన్నెండు వాళ్ళకి ఆరు."

"మన పాతవాళ్ళు జాములు లెక్కపెట్టినట్టా?"

"అలాంటిదే అనుకోండి. ఈ గదిలోకొస్తే మన భాష మాట్లాడకూడదు, మన టైమ్ చూడకూడదు. పెద్దసారు రూలు. కొత్తగా చేరిన పిల్లలు మొదటి నెల నానా అగచాట్లు పడతారు."

"నువ్వు మన భాషే మాట్లాడుతున్నావుగా?"

"నన్ను మినహాయించారమ్మా. పదహారేళ్ళు ప్రయత్నించి వదిలేశారు."

మంగళవారం గొడవ సంగతి అడిగింది. పదింటికి మొదలైందట, పదీ నలభై అయిదుకి చిట్టి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయిందట. "మాటలన్నీ వినపడలేదు. 'ఇదే నిజమైతే ముప్పయ్యేళ్ళు నేను గుడ్డివాణ్ణన్నమాట' అని పెద్దసారు అరవడం మాత్రం విన్నాను. తర్వాత తలుపేసుకున్నారు. మంగళవారాలు ఆయన లోపల కూచుని ఆ తీరంలో రికార్డు చేసిన టేపులు వింటారు, ఒక్కోసారి తెల్లారేదాకా. ఎవరూ తలుపు తట్టం. మూడింటికి నా డ్యూటీ అయిపోయింది, వెళ్ళిపోయాను."

"అంటే పదీ నలభై అయిదు తర్వాత ఆయన్ని ప్రాణాలతో చూసినవాళ్ళు లేరు."

"లేరమ్మా," అన్నాడు అటెండరు, అదేదో తన తప్పయినట్టు.

మ్యాపుల గదిలో ఇన్‌స్పెక్టరు ముందే ఉన్నాడు. ఒకప్పుడు ఆవిడ కింద పని నేర్చుకున్నవాడు. ఆవిడ ఉద్యోగం వదిలాక రెండు ప్రమోషన్లు వచ్చాయి, దాంతోపాటు కొంచెం మీసమూ వచ్చింది.

"రండి మేడమ్. ఈసారి మీరు అడగడానికి గంటలేం మిగల్లేదు. గంట నేనే పట్టుకున్నాను." జేబులోంచి ఫోటో తీశాడు. పెద్దసారు చేతి వాచీ. అద్దం పగిలి, ముళ్ళు పదీ ఇరవై దగ్గర ఆగిపోయి ఉన్నాయి. "పదింటికి గొడవ. పదీ ఇరవైకి పైనుంచి తోసింది. కిందికి దిగి, ప్రాణం పోయిందో లేదో చూసుకుని, పదీ నలభై అయిదుకి ఏడుస్తూ బయటికి. అతికినట్టు సరిపోయింది."

"డాక్టరేమన్నాడు?"

"మంగళవారం పొద్దున పదికీ సాయంత్రం ఆరుకీ మధ్య. పూర్తి రిపోర్టు సోమవారానికి గానీ రాదు."

"ఎనిమిది గంటల సందుంది."

"ఆ సందు వాచీ మూసేసింది. మనుషులు అబద్ధం చెప్తారు, వాచీ చెప్పదు. ఈ మాట నాకు నేర్పింది మీరే."

తనే నేర్పింది. "వాచీ సంగతి ఆ పిల్లకి చెప్పావా?"

"ముందే ఎందుకు చెప్తాను? కోర్టులో చెప్తాను. ఇప్పటికి తెలిసింది నాకు, డాక్టరుకి, పంచనామా రాసిన కానిస్టేబులుకి, దానిమీద సంతకం పెట్టిన ఇద్దరు సాక్షులకి. కావాలంటే కాపీ తీసుకోండి, చదువుకోండి."

పంచనామా కాగితం చివర ఊడ్చే ఆమె వేలిముద్ర ఉంది. దాని పక్కన రెండో సాక్షి సంతకం, చీమల బారు దారి తప్పినట్టుంది. ఒక్క అక్షరం అర్థం కాలేదు.

"ఇదెవరిది?"

"ఇక్కడి సారెవరో. నేనప్పుడు డాక్టరుతో ఫోన్లో ఉన్నాను, కానిస్టేబులు రాయించాడు."

"పేరు లేని సంతకం తీసుకోకూడదని కూడా నేర్పినట్టు గుర్తు."

ఇన్‌స్పెక్టరు మీసం దువ్వుకున్నాడు.

గంటలమ్మ మెట్లెక్కి పైకి వెళ్ళింది. పద్నాలుగు మెట్లు, గుండ్రంగా తిరిగేవి. పైన చిన్న చావడి, చుట్టూ చుట్టచుట్టిన మ్యాపులు, టేపుల పెట్టెలు. కమ్మీ నడుము ఎత్తుంది. ఊరికే కాలు జారితే ముందుకో పక్కకో పడాలి గానీ, వెల్లకిలా పడాలంటే ఎదురుగా నిలబడి ఎవరో రొమ్ము మీద చెయ్యి వెయ్యాలి. బొత్తం ఊడింది అక్కడే. ఇన్‌స్పెక్టరు చెప్పింది ఇంతవరకూ నిజమే.

పోలీసులు ఏరి కట్టిన థీసిస్ కట్ట విప్పి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కింద ఇన్‌స్పెక్టరు గడియకోసారి దగ్గుతున్నాడు. నూట నలభయ్యో పేజీ తర్వాత నూట యాభై ఏడు వచ్చింది.

"పదహారు కాగితాలు లేవు."

"ఎగిరి ఎక్కడో పడుంటాయి."

"కిటికీ లేని గదిలోంచి ఎక్కడికి ఎగురుతాయి?"

"మేడమ్, అది హత్య కేసు. పరీక్ష పేపరు కాదు లెక్కపెట్టుకోడానికి."

ఆవిడ విషయసూచిక తీసి చూసింది. నూట నలభై ఒకటో పేజీ దగ్గర ఇలా ఉంది: "రేవు దినచర్య, గంటల లెక్క." నోటుబుక్కులో రాసుకుంది. ఏమిటో అర్థం కాలేదు. అర్థం కానందుకు విసుగు కూడా రాలేదు. ఒకప్పుడైతే ఇలాంటిచోట ఒళ్ళు జలదరించేది.

పన్నెండుంపావుకి చిన్నసారు గదిలో కూచుంది. పెద్ద గది, గోడల నిండా తీరం బొమ్మలు, పడవల బొమ్మలు. ఆయనే స్వయంగా టీ కలిపి ఇచ్చాడు. నిద్ర లేని కళ్ళు, మెత్తటి గొంతు.

"చిట్టి బంగారంలాంటి పిల్లండీ. ఏదో ఆవేశంలో జరిగిపోయుంటుంది. కాస్త దయ చూపించమని ఇన్‌స్పెక్టరు గారిని నేనే బతిమాలాను."

"మంగళవారం మీరెక్కడున్నారు?"

"తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా క్లాసు. నలభై మంది పిల్లలు చెప్తారు."

"పన్నెండు తర్వాత?"

"తర్వాతది ఎందుకండీ, పదీ ఇరవైకే కదా..." అని ఆగాడు. చెంచా తీసుకుని, కలిసిపోయిన చక్కెరని మళ్ళీ కలిపాడు. "అంటే, గొడవ పదింటికన్నారు కదా. ఆ ప్రాంతంలోనే అయ్యుంటుందని."

గంటలమ్మ "పదీ ఇరవై" అని రాసి కింద గీత గీసింది. ఇన్‌స్పెక్టరు దాచుకున్న గంట ఈయన నోట్లోకి ఎలా వచ్చిందో తర్వాత చూడొచ్చనుకుంది.

లేచి వస్తుంటే గుమ్మం దాకా సాగనంపాడు. "ఆ పిల్ల థీసిస్ ఇంకో కాపీ ఎక్కడైనా ఉందేమో తెలుసాండీ? పెద్దాయన లేడు, ఇక దాని బాగోగులు నేనే చూడాలి కదా."

"తెలియదు," అంది. నిజంగానే తెలియదు.

ప్రొఫెసర్ల క్వార్టర్లు విభాగం వెనకే. రెండూ పదికి వెళ్ళేసరికి పెద్దసారు భార్య ఇస్త్రీ చేస్తోంది. అన్నీ మగవాళ్ళ చొక్కాలు. మంచం మీద అయిదు మడతపెట్టి ఉన్నాయి.

"వారానికి ఏడు," అంది ఆవిడ తలెత్తకుండా. "ఆపేస్తే తర్వాతేం చెయ్యాలో తోచలేదు."

గంటలమ్మకి జాలి కలగాలి. కలగలేదు. తను కూడా మూడు నెలలపాటు పొద్దునే రెండు గ్లాసుల టీ పెట్టిందని, రెండోది సింకులో పోసిందని మాత్రం గుర్తొచ్చింది. కుర్చీ లాక్కుని కూచుంది. ఇద్దరిలో ఒక్కరూ ఏడవలేదు. ఎవరైనా చూస్తే కరెంటు బిల్లు గురించి మాట్లాడుకుంటున్నారనుకుంటారు.

"మంగళవారం ఆయన ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరారు?"

"మూడింటికి."

కలం ఆగింది. "మధ్యాహ్నం మూడా?"

"అయ్యో, కాదు. ఆయన మూడు. మన తొమ్మిది." ఇస్త్రీపెట్టె నిలబెట్టి, కాలర్ని వేళ్ళతో సర్దింది. "ముప్పయ్యొక్క ఏళ్ళు ఆరు కలుపుకుంటూ కాపురం చేశానమ్మా. నోరు ఇంకా అటే పోతుంది. పెళ్ళైన కొత్తలో రెండింటికి వస్తానన్నాడు. మధ్యాహ్నం వంట చేసి కూచున్నాను. రాత్రి ఎనిమిదింటికి వచ్చి, చెప్పిన టైముకే వచ్చానుగా అన్నాడు."

"ఆ గడియారం ఆ గదిలోనే అనుకున్నాను."

"గదిలోది తర్వాత పెట్టించాడు. ముందు చేతిది. మొదటిసారి ఆ తీరం వెళ్ళొచ్చినప్పుడు వాచీ మార్చలేదు. ఇక ఎప్పుడూ మార్చలేదు. ఇంట్లో గోడది నాది, చేతిది ఆయనది."

గంటలమ్మ నోటుబుక్కు మూసింది. "ఆ వాచీ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"తీర విభాగంలో తెలియనిదెవరికి? ఏడాదికోసారి కొత్త పిల్లలు దానిమీద హాస్య నాటిక కట్టి ఆడతారు కూడా. వచ్చిన పోలీసు ఒక్కడూ వాచీ గురించి అడగలేదు. నాకూ చెప్పాలని తోచలేదు." అప్పుడు మొదటిసారి తలెత్తి ఈవిడ చేతివైపు చూసింది. మగవాళ్ళ వాచీ, వదులుగా వేలాడుతోంది. "నీదీ తేడాగా నడుస్తుందా?"

"అయిదు నిమిషాలు."

"అయిదేనా," అంది పెద్దసారు భార్య. "అదృష్టవంతురాలివి." అని ఆరో చొక్కా తీసుకుంది.

మూడూ పదికి ఇన్‌స్పెక్టర్ని మాటల గదిలోకి లాక్కొచ్చి గోడ గడియారం కింద నిలబెట్టింది. డ్యూటీ అయిపోయి ఇంటికి బయల్దేరిన అటెండర్ని ఆపి, పొద్దున చెప్పిందే మళ్ళీ చెప్పించింది. ఇన్‌స్పెక్టరు సగం వినకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"గదిలో గడియారం వాళ్ళిష్టం. చేతి వాచీ కూడా అలాగే ఉందనడానికి పెళ్ళాం మాట తప్ప ఏముంది? కోర్టులో ఈ కథ చెప్తే నవ్వుతారు."

"ఈ గడియారానికి కీ ఎవరిస్తారు?" అని అటెండర్ని అడిగింది గంటలమ్మ.

"నేనేనమ్మా. రోజూ పొద్దున."

"ముల్లు దేన్ని చూసి సర్దుతావు?"

"పెద్దసారు చెయ్యి చూసి. ఆయన వాచీ, ఇది ఒకటే టైమ్. ఎన్నడూ తేడా రాలేదు."

"మరి నిన్న నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీరు గొడవ గురించి అడిగారు, చెప్పాను. వాచీ ఆగిపోయిందన్న సంగతి నాకిప్పుడే తెలిసింది సార్."

ఇన్‌స్పెక్టరు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవడం గంటలమ్మ చూసింది. పదికి ఆరు కలిపాడు. మళ్ళీ కలిపాడు. "సాయంత్రం నాలుగూ ఇరవై," అన్నాడు, గొంతు తగ్గించి.

"డాక్టరిచ్చిన సందులోనే ఉంది. చిట్టి మంగళవారం నాలుగూ ఇరవైకి కళ్ళ ఆసుపత్రిలో ఉంది." తల్లి ఇచ్చిన చీటీ బల్ల మీద పెట్టింది. మూడుంపావుకి చుక్కలు వేసినట్టు, నాలుగున్నరకి డాక్టరు చూసినట్టు, వెంట వచ్చినవాళ్ళ గడిలో రెండుచోట్లా చిట్టి సంతకం. "నిన్నే ఈ చీటీ నీకు చూపించబోతే ఆవిడ్ని కసిరి పంపావట."

"పొద్దుటి కేసుకి సాయంత్రం చీటీ ఎందుకనుకున్నాను."

ఇంకెవరైనా అయితే అక్కడ ఒక మాట విసిరేవాళ్ళు. గంటలమ్మకి విసరాలనిపించలేదు. ఇన్‌స్పెక్టరు కాసేపు చీటీని అటూ ఇటూ తిప్పి, ఫోన్ తీసి స్టేషన్‌కి కలిపాడు. "ఆ యూనివర్సిటీ పిల్లని వదిలెయ్యండి. ఆ, ఇప్పుడే. తనవాళ్ళెవరుంటే వాళ్ళకి అప్పగించండి." ఫోన్ పెట్టేసి, మీసం మీదికి చెయ్యి పోనిచ్చి, మధ్యలోనే ఆపేశాడు. అప్పటికి మూడూ ముప్పై అయిదు.

గెలిచింది. చిట్టి జైలుకి పోదు. తల్లి మొహం ఎలా ఉంటుందో ఊహించుకుని చూసింది గంటలమ్మ. లోపల ఏమీ కదల్లేదు. సరే, పని మిగిలే ఉంది కదా అనుకుని, నోటుబుక్కులో గీత గీసిన "పదీ ఇరవై" దగ్గరికి వచ్చింది.

మంగళవారం నాలుగు ప్రాంతంలో ఎవరెక్కడున్నారో అటెండరు, ఇన్‌స్పెక్టరు కలిసి సిబ్బంది పట్టిక వేసేసరికి ఇంకో అరగంట పట్టింది. గుమాస్తా సెలవు, లైబ్రరీ ఆమె మీటింగు, ఇద్దరు లెక్చరర్లకి క్లాసులు. చిన్నసారు పేరు ఎదురుగా ఖాళీ. అప్పుడు గంటలమ్మ పంచనామా కాగితం విప్పి, చీమల బారు లాంటి సంతకం మీద వేలు పెట్టి అటెండరుకి చూపించింది.

"ఇది ఎవరిదో పోల్చగలవా?"

"పోల్చడమేంటమ్మా, రోజూ చూసేదేగా. చిన్నసారు సంతకం. ఆ తీరం లిపిలో పెడతారు. సెలవు చీటీ మీద కూడా అదే." గొంతు తగ్గించి నవ్వాడు. "పడవెక్కితే వాంతులని జన్మలో ఆ తీరం మొహం చూడలేదు. సంతకం మాత్రం ఆ లిపిలోనే పెట్టాలి."

"ఒక్కసారి కూడా వెళ్ళలేదా?"

"ఒక్కసారి కూడా లేదమ్మా. ఆ పాత పుస్తకం కూడా ఎవరో తెచ్చి ఇచ్చారని చెప్తారు."

గంటలమ్మ లేచి నడవాలోకి నడిచింది. వెనకే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అద్దాల పెట్టె ముందు ఆగి చీటీ మళ్ళీ చదివింది. ఉదయం ఆరు గంటలకు, పొద్దు పొడుస్తుండగా.

"చదువు," అంది.

ఇన్‌స్పెక్టరు చదివాడు. "అయితే?"

"ఆ తీరంలో పొద్దు పొడిచేటప్పుడు ఆరు ఎలా అవుతుంది? వాళ్ళకి అప్పుడే లెక్క మొదలవుతుంది. వాళ్ళ ఆరంటే నడినెత్తిన పొద్దు. అక్కడి రేవు అధికారి ఇలా రాయడు. ఇది రాసినవాడు మనలాంటి గడియారం ఉన్న ఇంట్లో కూచుని, ఆ తీరం చూడకుండా రాశాడు."

"దొంగ పుస్తకమా?"

"దాని మీదే చిన్నసారు పేరు, కుర్చీ, అన్నీ నిలబడ్డాయి. చిట్టి కనిపెట్టింది. పదహారు పేజీల్లో రాసింది. పొద్దున పెద్దసారు నమ్మలేక అరిచాడు. తలుపేసుకుని మధ్యాహ్నం దాకా చదివాడు. సాయంత్రం చిన్నసారుని పిలిచి అడిగాడు. బుధవారం పొద్దున నీ కానిస్టేబులు వాచీ చూసి పదీ ఇరవై అని రాస్తుంటే, అసలు టైమ్ ఏమిటో తెలిసిన మనిషి పక్కనే నిలబడి, నోరు మూసుకుని సంతకం పెట్టాడు."

ఇన్‌స్పెక్టరు మొహంలో రక్తం లేదు. "ఎక్కడున్నాడు?"

"మూడింటికే కారు తీసుకుని మీ స్టేషన్‌కే వెళ్ళారు సార్," అన్నాడు అటెండరు గుమ్మంలోంచి. "పాపం చిట్టమ్మకి, వాళ్ళమ్మకి తోడుంటానన్నారు."

తనవాళ్ళెవరుంటే వాళ్ళకి అప్పగించండి. ఆ మాట అన్న ఇన్‌స్పెక్టరూ, అనిపించిన గంటలమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను స్టేషన్‌కి ఫోన్ కలుపుతుండగానే ఆవిడ ఫోన్ మోగింది. చిట్టి తల్లి.

"అమ్మా, మీ మేలు ఈ జన్మలో మర్చిపోను. వదిలేశారు. చిన్నసారు దేవుడిలా వచ్చి, మాకోసం అంతసేపు బల్ల మీద కూచున్నారు."

"చిట్టి ఎక్కడుంది? ఫోనివ్వండి."

"నా దగ్గర లేదమ్మా, ఆయన కార్లో వెళ్ళింది. దాని థీసిస్ రెండో కాపీ ఊరి బయట స్నేహితురాలి గదిలో ఉందట. ఈరోజే తీసుకొస్తే తనే దగ్గరుండి పూర్తి చేయిస్తానన్నారు. నన్ను ఇంటికెళ్ళి పిల్లకి ఇష్టమైనవి వండమన్నారు. ఎంత మంచి మనిషో."

"ఎన్ని గంటలకి బయల్దేరారు?"

"ఇందాకేనమ్మా, నాలుగవుతుందేమో."

"ఖచ్చితంగా ఎన్ని గంటలకి?"

ఇరవై నాలుగేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నే. కానీ ఆ గొంతు తనదిలా లేదు. వాచీ చూసుకోబోయింది. వదులు పట్టీ తిరిగిపోయి అద్దం కిందివైపుకి ఉంది. రెండో చేత్తో తిప్పి చూసింది. నాలుగూ ఇరవై అయిదు. అయిదు తీసెయ్యాలి. తొమ్మిది నెలల్లో మొదటిసారి ఆవిడకి భయం వేసింది. ఆ గదిలో నాలుగేళ్ళు కూచుని, పొద్దు పొడుపు నుంచి గంటలు లెక్కపెట్టడం నేర్చుకున్న పిల్ల, ఆ దొంగ పుస్తకం ఎవరో అంటగట్టి సారునీ మోసం చేశారనే అనుకుంటూ, ఆ కార్లో ముందు సీట్లో కూచుని, సారుకి దారి చెప్తూ ఉంటుంది.

"జీపు తీయించు," అంది ఇన్‌స్పెక్టరుతో. అతను అప్పటికే మెట్లు దిగుతున్నాడు. ఆవిడ ఫోన్ చెవికి పెట్టుకునే అతని వెనక పరిగెత్తింది. "స్నేహితురాలి గది ఎక్కడో చెప్పండి. వీధి పేరు. గుర్తు ఏదైనా ఉంటే చెప్పండి."

తన ఊపిరే ఫోన్లో తనకి తిరిగి వినిపించింది.

"ఏమైందమ్మా?" అంది తల్లి మెల్లగా. "మీరు ఏడుస్తున్నారా?"

అడిగాక గానీ గంటలమ్మకి తెలియలేదు.